ముక్కులో కండ అన్నారు, ఇన్వర్టెడ్ పాపిలోమా అని తేలింది: నా అనుభవం

రెండు ముక్కులూ మూసుకుపోతే సర్ది అనుకోవచ్చు, ఎలర్జీ అనుకోవచ్చు, వాతావరణం పడలేదు అనుకోవచ్చు. ఒక్క ముక్కే, ఎప్పుడు చూసినా అదే పక్క, నెలల తరబడి మూసుకుపోయి ఉంటే మాత్రం గోళీలు మింగుతూ కూర్చోకుండా ఎండోస్కోపీ (లైటు ఉన్న సన్నటి గొట్టంతో ముక్కు లోపల చూడటం) చేసే ఈఎన్టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కింద ఉన్నదంతా చదివే ఓపిక లేనివాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు. ఓపిక ఉన్నవాళ్లకి మొత్తం చెప్తా, ఎందుకంటే నాకు ఈ జబ్బు పేరు (ఇన్వర్టెడ్ పాపిలోమా, ముక్కు లోపలి పొరలో పుట్టే ఒక రకం గడ్డ) చెప్పినప్పుడు తెలుగులో చదవడానికి ఏమీ దొరకలేదు.

నాకు యాభై దాటాయి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తా. మిల్లంటే తెలిసిందే కదా, వడ్లు దించేటప్పుడు దుమ్ము, ఊక దుమ్ము, తవుడు దుమ్ము. హమాలీలు మూతికి తువ్వాల చుట్టుకుని పనిచేస్తారు, ఆఫీసు గదిలో నా రిజిస్టర్ల మీద కూడా పొద్దున్నే ఒక పొర తుడవాల్సిందే. అందుకని నా ఎడమ ముక్కు మూసుకుపోయిందంటే ఎవరిని అడిగినా ఒకటే జవాబు, "దుమ్ముల పనిచేస్తే అట్లనే ఉంటది అన్నా". ఆర్ఎంపీ దగ్గర్నుంచి ఎండీ దాకా అదే మాట. నాకు మాత్రం ఒక డౌటు ఉండేది, దుమ్ము రెండు ముక్కుల్లోకీ పోతుంది కదా, మరి కుడి ముక్కు ఎందుకు శుభ్రంగా ఉంది? ఇది అడిగితే నవ్వి ఎలర్జీ గోళీ రాసేవాళ్లు.

మొదట్లో రాత్రిళ్లే ఇబ్బంది. నోరు తెరిచి పడుకోవడం, గురక, పొద్దున లేచేసరికి గొంతు ఎండిపోయి ఉండడం. మా ఇంటావిడ పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్పించింది, వాము మూట కట్టి ఇచ్చింది, ఆవిరి పట్టించింది. మెడికల్ షాపులో ఇచ్చే ముక్కు చుక్కలు వేసుకుంటే కాసేపు తెరుచుకునేది. ఆ చుక్కలు వారానికి మించి వాడకూడదట, వాడితే మందు పవర్ దిగిపోగానే ముక్కు ఇంకా గట్టిగా బిగుసుకుంటుందట. షాపులో ఇది చెప్పేవాళ్లు అరుదు.

తర్వాత ఒక నర్సింగ్ హోమ్‌లో టార్చి వేసి చూసి "ముక్కులో కండ పెరిగింది, పాలిప్, చిన్న ఆపరేషన్" అన్నారు. చేయించుకున్నా. మర్నాడే ఇంటికి పంపేశారు. కొన్నాళ్లు ప్రాణం హాయిగా ఉంది, గాలి ఆడుతుంటే అదే పెద్ద సుఖం. డిశ్చార్జి కాగితంలో మాత్రం రెండే లైన్లు, ఎడమ ముక్కు పాలిప్ తీసేశాం, ఫలానా గోళీలు వాడండి అని. తీసిన కండని ల్యాబ్‌కి పంపారా, పంపితే ఏమొచ్చింది, ఆ ఊసే లేదు. స్కానింగ్ కూడా తీయలేదు. అట్లాంటివి ఉంటాయని పేషెంటుకి ఎవరు చెప్తారు?

ఏడాది తిరక్కముందే మళ్లీ మొదలు. ఈసారి ఇంకొన్ని తోడయ్యాయి. ఎడమ కంట్లోంచి ఊరికే నీళ్లు కారేవి. ఎడమ చెంప లోపల బరువుగా, నొప్పి అని కూడా అనలేను, ఏదో నింపినట్టు. వాసన సరిగా తెలిసేది కాదు, పోపు మాడుతున్నా కూర్చునే ఉన్నానని ఇంట్లో తిట్లు. ఒకరోజు ముక్కు చీదితే దస్తీ మీద చీమిడిలో ఎర్రటి చార కనిపించింది. ధారగా కారడం కాదు, చార అంతే. అది మూడు నాలుగు సార్లు కనిపించాక మా పెద్దోడు, కూకట్‌పల్లిలో ఉంటాడు, ఇంక ఊరుకోలేదు. "నాన్నా, మీరు బస్సెక్కండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు.

హైదరాబాద్‌లో మేం వెళ్లిన డాక్టర్ మేడం ముందు నా కథంతా విన్నది. పాత డిశ్చార్జి కాగితం చూసి అడిగిన మొదటి ప్రశ్న, "తీసిన ముక్కకి బయాప్సీ రిపోర్టు ఏదండీ?" లేదన్నాను. ఆమె ఏమీ అనలేదు గానీ కాగితం బల్ల మీద పెట్టిన తీరులోనే నాకు అర్థమైంది.

ఎండోస్కోపీ అంటే చాలామందికి భయం కాబట్టి ఎట్లా చేశారో చెప్తా. మందులో తడిపిన సన్నటి దూది పేలికలు ముక్కులోకి దోపి కాసేపు కూర్చోబెట్టారు. చేదుగా గొంతులోకి దిగుతుంది, ముందు పళ్లు కూడా మొద్దుబారినట్టు అవుతాయి. తర్వాత 4 మిల్లీమీటర్ల మందం ఉన్న సన్నటి గొట్టం, దాని చివర లైటు, ఎదురుగా టీవీ. నన్ను కూడా చూడమన్నారు. ముందు కుడి ముక్కు: గులాబీ రంగులో నున్నగా తడిగా, గొంతు వెనక దాకా దారి కనిపించింది. ఎడమ పక్క పెట్టగానే దారే లేదు. బూడిద, ఎరుపు కలిసిన రంగులో బొడిపెలు బొడిపెలుగా కండ అడ్డంగా నిలబడి ఉంది. మేడం సన్నటి కడ్డీతో దాన్ని తాకి చూపించింది. పాలిప్ అయితే మెత్తగా నున్నగా ఉంటుందట, లైటు పడితే లోపలి నీరు కనిపిస్తున్నట్టు మెరుస్తుందట. నాది గట్టిగా ఉంది, తాకిన చోట కొంచెం నెత్తురు చెమ్మ వచ్చింది. "ఇది మామూలు పాలిప్ లాగా లేదు. ఒక్క పక్కే ఉంది, తీశాక మళ్లీ వచ్చింది. ముందు స్కాన్ తీద్దాం."

నేను అక్కడే ముక్క తీసి పరీక్షకి పంపొచ్చు కదా అన్నా. స్కాన్ చూడకుండా ముక్క తెంపకూడదట. కొన్ని గడ్డలు నిండా రక్తనాళాలతో ఉంటాయి, తెంపితే నెత్తురు ఆగదు. ఇంకొన్నిసార్లు మెదడు పొరే పుర్రె అడుగున ఉన్న సందులోంచి ముక్కులోకి జారి కండలాగా కనిపిస్తుంది. అది విన్నాక నేను ఇంకేం సలహాలు ఇవ్వలేదు.

సీటీ స్కాన్‌లో ఎడమ చెంప ఎముక వెనక ఉండే గది, మాక్సిలరీ సైనస్ అంటారు, గాలి ఉండాల్సిన చోటు మొత్తం పూడిపోయి ఉంది. కళ్ల మధ్య ఉండే చిన్న చిన్న గదులు కూడా మూసుకుపోయి కనిపించాయి. మేడం మాత్రం ఆ పూడిక కంటే ఒక చిన్న తెల్లటి మచ్చ మీద ఎక్కువసేపు ఆగింది. సైనస్ వెనక గోడ దగ్గర, చెంప పక్కకి తిరిగే చోట, ఎముక మిగతా చోట్ల కంటే మందంగా తెల్లగా ఉంది. ఈ రకం గడ్డ ఎముకకి ఎక్కడ అంటుకుని పుట్టిందో అక్కడ ఎముక ఇట్లా గట్టిపడి మందం అవుతుందట. గది అంతా నిండి ఉన్నా మొదలు మాత్రం చాలాసార్లు ఒక్క చోటే ఉంటుంది. "మిగతాదంతా కొమ్మలండీ. మనకి కావాల్సింది ఇదిగో, ఇది."

నా మొదటి ఆపరేషన్‌లో ఏం జరిగి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. పొలంలో తుంగ ఎట్లాంటిదో తెలిసినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు, పైన కోసి పారేస్తే మడి శుభ్రంగా కనిపిస్తుంది, లోపల గడ్డ ఉన్నన్నాళ్లూ అది వస్తూనే ఉంటుంది. ముక్కులోకి వేలాడుతున్నంత మేర తెంపేశారు, మొదలు చెంప లోపల సైనస్ వెనక గోడకి ఉంది. టార్చి లైటుకి అది కనిపించదు.

తర్వాత కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎంఆర్ఐ. రెండో స్కాన్ ఎందుకు, డబ్బుల కోసమా అని మా బావమరిది గొణిగాడు, నిజం చెప్పాలంటే నా మనసులోనూ ఉంది. కానీ ఆ స్కానే ఆపరేషన్ పరిధిని మార్చేసింది. సీటీలో గడ్డ అయినా, గడ్డ అడ్డం పడటం వల్ల వెనక నిలిచిపోయిన చీమిడి అయినా ఇంచుమించు ఒకే రకం బూడిద రంగులో కనిపిస్తాయి. ఎంఆర్ఐలో వేరుపడతాయి. కళ్ల మధ్య గదుల్లో ఉన్నది గడ్డ కాదు, నిలిచిపోయిన చీమిడి అని తేలింది. అసలు గడ్డ మాత్రం మడతలు మడతలుగా, చారలు చారలుగా కనిపించింది, ఈ జబ్బులో అట్లాగే ఉంటుందట. కన్నుగూడు ఎముక, మెదడు కింది ఎముక చెక్కు చెదరకుండా ఉన్నాయి. అది విన్నాక మా ఇంటావిడ మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

అప్పుడు ముక్క తీసి ల్యాబ్‌కి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఉన్న టెన్షన్ గురించి ఏం రాయను, అందరిదీ ఒకటే కథ. మావాడు రాత్రంతా ఫోన్‌లో వెతికి పొద్దున కళ్లు ఎర్రగా చేసుకుని కనపడేవాడు, ఏమీ చదవలేదు అనేవాడు.

రిపోర్టు: ఇన్వర్టెడ్ పాపిలోమా. క్యాన్సర్ లక్షణాలు ఏమీ లేవు. ముక్కు, సైనస్‌ల లోపలి పొరలో పుట్టే గడ్డ ఇది. పైకి పెరగాల్సిన పొర కింది కణజాలంలోకి దిగుతూ పెరుగుతుంది. ఎక్కువగా మగవాళ్లకి, నడివయసు తర్వాత వస్తుంది, దాదాపు ఎప్పుడూ ఒక పక్కే. కారణం అడిగితే మేడం, కొన్ని గడ్డల్లో హెచ్‌పీవీ వైరస్ కనిపిస్తుంది, అలాగని అందరిలో అదే కారణం అని చెప్పలేం అన్నది. మిల్లు దుమ్ము సంగతి అడిగా. దుమ్ము వల్లే వచ్చిందని నేను రాయలేను అన్నది. ఇన్నేళ్లు నా ముక్కుకి దుమ్ము పేరు పెట్టినవాళ్లందరూ గుర్తొచ్చారు.

క్యాన్సర్ కాదని తెలిశాక ఇంట్లో సగం మంది "అయితే ఆపరేషన్ ఎందుకు, మందులు వాడి చూద్దాం" అన్నారు. ఒకాయన ఆపరేషన్ లేకుండా కరిగిస్తామని బోర్డు పెట్టిన చోటు అడ్రస్ పంపాడు. మామూలు పాలిప్‌లు స్టెరాయిడ్ స్ప్రేకి, గోళీలకి కొంత తగ్గుతాయి, అది నిజం. ఈ గడ్డ మందులకి కరగదు. పైగా దీంతో మూడు తలనొప్పులున్నాయి. మెల్లగా పెరుగుతూ చుట్టూ ఉన్న ఎముకని నొక్కి తినేస్తుంది, ఆ పక్కనే కన్ను, ఆ పైనే మెదడు. మొదలు వదిలేస్తే మళ్లీ వస్తుంది. ఈ గడ్డ ఉన్నవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందిలో క్యాన్సర్ కూడా కనబడుతుంది, ఒక్కోసారి మొదటి నుంచే గడ్డలో ఏదో మూల దాక్కుని ఉంటుంది. అందుకే బయాప్సీలో ఒక చిన్న ముక్క బాగుందని వచ్చినా, ఆపరేషన్‌లో తీసిన గడ్డ మొత్తాన్ని మళ్లీ పరీక్ష చేస్తారు.

రెండో ఒపీనియన్ కూడా తీసుకున్నాం. డాక్టర్‌కి కోపం వస్తుందేమో అని మొహమాటపడక్కర్లేదు, మేడమే సీడీలు, రిపోర్టులు కవర్లో పెట్టి ఇచ్చింది. ఆ రెండో డాక్టర్ వయసులో పెద్దాయన. వాళ్ల చదువుకునే రోజుల్లో దీనికి ముక్కు పక్కన కంటి మూల నుంచి కిందికి గాటు పెట్టి ముక్కుని పక్కకి తెరిచి చేసేవాళ్లమని, 1980ల తర్వాత ఎండోస్కోప్‌తో లోపల్నుంచే చేయడం మెల్లమెల్లగా అంతటా వచ్చిందని చెప్పాడు. ఆయన కూడా అదే ఆపరేషన్, అదే మాట: ఎండోస్కోప్‌తో చేసేవాళ్లయితే చాలదు, ఈ గడ్డలు చేసిన అనుభవం ఉందా అడగండి. క్రౌజ్ అనే ఆయన 2000లో పెట్టిన లెక్క ప్రకారం నాది నాలుగింట్లో మూడో స్టేజి అన్నారు. స్టేజి అనగానే మాకు గుండె జారిపోయింది. ఇది క్యాన్సర్ స్టేజి కాదు, గడ్డ ఎక్కడిదాకా ఉందో చెప్పే గుర్తు మాత్రమే అని పాపం ఆయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఓపీ దగ్గర కూర్చుని కూర్చుని పక్కవాళ్ల కథలు కూడా తెలిశాయి. సూర్యాపేట వైపు నుంచి ఒక పిల్లాడు, పదో తరగతి, ముక్కులోంచి నెత్తురు ధార కట్టి బట్టలు తడిసిపోయేదట. ఎండదెబ్బ, వేడి అని మజ్జిగ తాగించారట. వాడిది యాంజియోఫైబ్రోమా అనే గడ్డ. ఇది దాదాపుగా ఆ వయసు మగపిల్లలకే వస్తుంది, క్యాన్సర్ కాదు, కానీ గడ్డ నిండా రక్తనాళాలే. ముక్క తెంపకూడదని మేడం నాకు చెప్పింది ఇట్లాంటి దాని గురించే. వాడికి ఆపరేషన్‌కి ముందు రోజు తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డకి వెళ్లే రక్తాన్ని ఆపేస్తారని వాళ్లమ్మ చెప్పింది. అంత చిన్న పిల్లాడు, నన్ను చూసి "అంకుల్, మీకు కూడా తొడ దగ్గర్నుంచేనా?" అని అడిగాడు. ఇంకొకామె టీచర్, బండి మీద నుంచి పడితే తలకి స్కాన్ తీశారట, నుదుటి సైనస్‌లో చిన్న ఎముక గడ్డ కనిపించింది, ఆస్టియోమా. ఆమెకి ఏ బాధా లేదు. ఏమీ చేయొద్దు, కొన్నాళ్లాగి ఇంకో స్కాన్ తీద్దాం అని పంపేశారు. ఆమెకేమో నమ్మకం కుదరట్లేదు, నాకు కూడా తీసేయమని అడగాలా అని నన్నడుగుతుంది! ముగ్గురివీ క్యాన్సర్ కాని గడ్డలే, ముగ్గురికీ మూడు దారులు. అందుకే ఒకరికి చేసింది చూసి ఇంకొకరు పోల్చుకోకూడదు.

ఆపరేషన్ ముందు రక్త పరీక్షలు, ఈసీజీ, గుండె డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్. నేను ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసుకునే గోళీ) వాడుతుంటా, దాన్ని గుండె డాక్టర్‌ని అడిగి ముందే ఆపించారు. సొంతంగా ఆపకండి, సొంతంగా కొనసాగించకండి కూడా. బీపీ అదుపులో ఉండాలని గట్టిగా చెప్పారు, ముక్కు లోపల కొంచెం నెత్తురు ఊరినా కెమెరా ముందు అంతా ఎర్రగా అయిపోయి ఏమీ కనపడదట, అందుకని మత్తు డాక్టర్ ఆపరేషన్ సాగినంతసేపూ బీపీని కొంచెం తక్కువలోనే ఉంచుతాడు. ఇన్సూరెన్స్ వాళ్లు పాత పాలిప్ ఆపరేషన్ పట్టుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు, ఆ రెండు లైన్ల డిశ్చార్జి కాగితం అక్కడ కూడా పనికిరాలేదు. చివరికి ఎంఆర్ఐ, బయాప్సీ రిపోర్టులు పంపాక ఒప్పుకున్నారు, అది కూడా పూర్తిగా కాదు. ఆ గొడవ రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

సంతకం పెట్టే కాగితం చదివితే సగం ధైర్యం పోతుంది. కంటికి దెబ్బ తగలొచ్చు, మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోకి కారొచ్చు, కన్నీటి గొట్టం దెబ్బతిని కన్ను కారుతూ ఉండొచ్చు, చెంప మొద్దుబారొచ్చు. మేడం ఒక్కొక్కటీ వేలు పెట్టి, ఇది మీకు ఎంతవరకు వర్తిస్తుందో చెప్పింది. నా గడ్డ మొదలు వెనక గోడ దాకా ఉంది కాబట్టి లోపల్నుంచి అందకపోతే పై పెదవి కింద చిగురు దగ్గర చిన్న గాటు పెట్టాల్సి రావచ్చని కూడా ముందే చెప్పింది. అట్లా చెప్పడం నాకు నచ్చింది. ఏం కాదు, ఏం కాదు అనే డాక్టర్లని చూస్తే నాకు ఇప్పుడు అనుమానం.

ఆపరేషన్ నాకేం తెలుస్తుంది, పడుకోబెట్టారు, లేపారు. తర్వాత వీడియో చూపించారు, కడుపులో తిప్పని వాళ్లయితే చూడొచ్చు. గడ్డని ముక్కులో వేలాడే భాగం నుంచి మొదలుపెట్టి తగ్గించుకుంటూ, ముక్కుకీ సైనస్‌కీ మధ్య గోడని తీసి దారి పెద్దది చేసి, మొదలు ఉన్న చోటికి చేరారు. కన్నీటి గొట్టాన్ని తప్పించి చేశారు. వెనక గోడ దగ్గర పొరని ఎముక మీద నుంచి ఒలిచేశాక, అక్కడి ఎముకని కూడా డైమండ్ డ్రిల్లుతో పైపైన అరగదీశారు, ఎందుకంటే ఎముక గరుకులో ఈ కణాలు కాసిన్ని ఇరుక్కున్నా చాలు. చుట్టూ అంచుల నుంచి ముక్కలు తీసి వేరే వేరే సీసాల్లో, ఏది ఎక్కడిదో రాసి ల్యాబ్‌కి పంపారు. మావాడు ఆ సీసాలన్నీ వరసగా పెట్టి ఉండగా చూశాడట. మొదటిసారి ఒక్క సీసా కూడా లేదు. పెదవి కింద గాటు అవసరం పడలేదు.

మెలకువ వచ్చాక నొప్పి నేననుకున్నంత లేదు, చిరాకు మాత్రం నేననుకోనంత ఉంది. ముక్కు నిండా ప్యాక్ (నెత్తురు కారకుండా లోపల కుక్కే పట్టీ), నోటితోనే గాలి, పెదాలు అట్టకట్టి పోతాయి, నీళ్లు గుటక వేస్తే చెవుల్లో టప్‌మని పేలుతుంది. మింగిన నెత్తురు వల్ల ఒకసారి నల్లగా వాంతి అయింది, దానికి భయపడొద్దని ముందే చెప్పి ఉంటే బాగుండేది, మా ఇంటావిడ వార్డంతా పరిగెత్తింది. ప్యాక్ తీయడం గురించి ఎవరూ సరిగా రాయరు కాబట్టి రాస్తున్నా. తీసే ముందు నొప్పి ఇంజక్షన్ అడగండి. తడిపి, మెల్లగా లాగుతారు. అది వస్తుంది, వస్తుంది, ఇంకా వస్తూనే ఉంటుంది, నా ముక్కులో ఇంత పొడుగు ఎట్లా పట్టిందిరా నాయనా అనిపిస్తుంది. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారిపోతాయి. తీసేసిన మరుక్షణం ఎడమ ముక్కులోంచి చల్లటి గాలి సర్రున లోపలికి పోయింది. నర్సమ్మ గట్టిగా పీల్చకు సార్, మెల్లగా అని అరిచింది.

ఇంటికొచ్చాక రూల్స్: కొన్ని వారాలు ముక్కు చీదొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, వంగొద్దు, బరువులెత్తొద్దు, తల కింద రెండు దిండ్లు. అన్నింటికంటే పెద్ద పని ముక్కు కడుక్కోవడం. సీసాలో మరిగించి చల్లార్చిన నీళ్లు, కుళాయి నీళ్లు నేరుగా కాదు, అందులో షాపులో దొరికే ఉప్పు, సోడా ప్యాకెట్. వాష్ బేసిన్ మీద వంగి నోరు తెరిచి ఒక ముక్కులోంచి నొక్కితే రెండో ముక్కులోంచి రావాలి. మొదట్లో మునిగిపోయినట్టు ఉంటుంది, తర్వాత పళ్లు తోముకోవడంతో సమానం. లోపల పక్కులు కడతాయి, పచ్చగా, గోధుమ రంగులో, చెడు వాసన. కడగకపోతే అవి పేరుకుని గాలి మళ్లీ ఆగిపోతుంది, జబ్బు తిరగబెట్టిందేమో అని గాభరా మొదలవుతుంది. మిగిలినవి మేడం ఎండోస్కోప్ పెట్టి తీసేది, అది ఆపరేషన్ కంటే కష్టం అనిపించేది నాకు. పై పళ్లు, చెంప కొన్నాళ్లు మొద్దుగా ఉన్నాయి, మెల్లగా తగ్గింది. వాసన తిరిగొచ్చింది, నూటికి నూరు కాదు. మిల్లులో వడ్లు ఉడికే ఆవిరి వాసన ఇన్నేళ్లు నాకు పట్టేదే కాదు, ఇప్పుడు గేటు దగ్గరే తెలుస్తోంది, అంత మంచి వాసనేం కాదు లెండి.

ల్యాబ్ రిపోర్టులో గడ్డంతా ఇన్వర్టెడ్ పాపిలోమానే, ఎక్కడా క్యాన్సర్ లేదు, అంచుల ముక్కలు శుభ్రం. దానికి సంతోషపడి స్వీట్లు పంచాం. మేడం మాత్రం అదే రోజు చెకప్ చీటీ రాసిచ్చింది. మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, తర్వాత దూరం పెంచుతూ. మళ్లీ వచ్చేవి ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే వస్తాయి, కానీ చాలా ఏళ్లకి వచ్చినవాళ్లూ ఉన్నారు కాబట్టి పూర్తిగా మానేసే తారీఖు అంటూ లేదు. ముక్కు బాగుంది కదా అని చెకప్ ఎగ్గొట్టే మగవాళ్ల గురించి ఆమె చెప్పిన మాటలు ఇక్కడ రాయను, మా ఇంటావిడ వాటిని రోజూ గుర్తుచేస్తూనే ఉంది.

మధ్యలో ఒక చెకప్‌లో డ్రిల్లు చేసిన చోట చిన్న ఎర్రటి బుడిపె కనిపించింది. మళ్లీ ముక్క తీసి పంపారు, మళ్లీ అదే ఎదురుచూపు. గాయం మానేటప్పుడు పెరిగే కండ అని వచ్చింది, గ్రాన్యులేషన్ అంటారు. ఆ రిపోర్టు, పాతవన్నీ, రెండు స్కాన్ల సీడీలతో సహా ఒకే ఫైల్లో పెట్టి బీరువాలో ఇంటి కాగితాల పక్కన పెట్టా. మీరూ అట్లా చేయండి, ముఖ్యంగా ముక్కులో ఏం తీసినా, పాలిప్ అన్నా సరే, ల్యాబ్‌కి పంపారా అని అడిగి ఆ రిపోర్టు చేతికి తీసుకునే బయటకి రండి. నా తర్వాతి చెకప్ సంక్రాంతి అయ్యాక. ఎవరికైనా ఇదే ఆపరేషన్ చెప్పి ఉంటే అడగండి, ప్యాక్ గురించైనా, ముక్కు కడగడం గురించైనా, ఇన్సూరెన్స్ వాళ్లకి ఏం కాగితాలు పంపాలో అయినా తెలిసినంత చెప్తా. మందుల పేర్లు మాత్రం నన్ను అడక్కండి, అది మీ డాక్టర్ పని.